తారు నేల మీద రెండు శిలువలు

మా ఊళ్ళో ఎవరినైనా ఆపి "పిచ్ అంటే ఏమిటి?" అని అడగండి. క్షణం ఆలోచించకుండా కాళ్ళ కిందికి చూపిస్తారు. లా బ్రేలో నేలంటే పిచ్, రోడ్డంటే పిచ్. మధ్యాహ్నం ఎండకి చెప్పుకి అంటుకుని ఇంట్లోకి వచ్చి, అప్పుడే తుడిచిన గచ్చు మీద నల్లటి అచ్చులేసి, అమ్మ చేత చీవాట్లు తినిపించేదీ పిచ్చే. ఊరి పక్కనున్న తారు మడుగులోంచి తవ్వి తీసుకెళ్ళి ఎక్కడెక్కడి దేశాలకో నున్నటి రోడ్లు వేశారు. మా రోడ్డు మాత్రం ఇప్పటికీ గుంతలే. ఈ మాట అనకుండా మా ఊరి గురించి ఎవరూ మొదలుపెట్టరు, నేనూ పెట్టను.

నా పేరు ఆలివ్ నోరియేగా. ఇక్కడి ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి చెప్పి గొంతు అరిగాక రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏటా ఒక రోజు పుస్తకాలన్నీ మూయించి, ఈ ఒక్క మాట మీదే పాఠం చెప్పేదాన్ని. కాళ్ళ కింద ఉన్నదాన్ని మనుషులు పట్టించుకోరు, నోట్లో ఉన్నదాన్ని అసలే పట్టించుకోరు. నాకది ఒళ్ళుమంట. ఈ ఏడు కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ ఇంటికొచ్చి, "సమాధుల పండగకి ముందు శుక్రవారం ఒకసారి వచ్చి ఆ పిచ్ పాఠం చెప్పరా మిస్?" అని బతిమాలింది. బెట్టు చేద్దామనుకున్నాను గానీ, నా నోరు నాకన్నా ముందే సరేననేసింది.

ఆ వారం మొదట్లోనే సమాధుల తోటకి వెళ్ళాను. పండగంటే ఊరికే కొవ్వొత్తులు పెట్టి రావడం కాదు. ముందుగా గడ్డి కోయాలి, రాళ్ళకి సున్నం వెయ్యాలి, వానలకి ఒరిగిన శిలువల్ని సర్దాలి. తోట పైభాగం మట్టినేల, అక్కడ ఏదీ కదలదు. కింది వరస మాత్రం సగం పిచ్ మీద ఉంది. వానాకాలం వచ్చిందంటే అక్కడ పెట్టిన శిలువలు, చుట్టూ పేర్చిన రాళ్ళు మెల్లగా కంచె వైపు జరుగుతాయి. ఏటా వెళ్ళి మళ్ళీ ఎగువకి తెచ్చి నిలబెడతాం. మా ఇళ్ళే నిలకడగా ఉండవు, ఇక చచ్చినవాళ్ళ సంగతి చెప్పేదేముంది. తలుపు మూసుకోకపోతే గడప చెక్కుకుంటాం, శిలువ జరిగితే వెనక్కి పెట్టుకుంటాం.

కాపలా ఉండే గిటెన్స్ నన్ను చూడగానే టోపీ తీసి చేతుల్లో తిప్పడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. తప్పు చేసినప్పుడు అప్పుడూ ఇలాగే ఏదో ఒకటి చేతుల్లో తిప్పేవాడు.

"టీచరమ్మా, కోప్పడనంటే ఒక మాట చెప్తా."

"కోప్పడతాను. చెప్పు."

"వానలకి మీ అమ్మగారి శిలువ, మెర్ల్ అత్త శిలువ రెండూ పడిపోయినయ్. కంచె దగ్గర పక్కపక్కనే పడుకుని ఉన్నయ్. లేపి పెడదామని చూస్తే పైన దిబ్బ ఒక్కటే కనబడుతోంది."

"ఒక్కటేమిటిరా? ఇద్దరు మనుషులు, రెండు దిబ్బలుండాలి కదా!"

"ఉండాలండీ. ఆ మాట పిచ్‌కి చెప్పాలి మరి."

వెళ్ళి చూశాను. నిజమే. ఒక దిబ్బ పూర్తిగా కిందికి దిగిపోయి, దాని మీద గడ్డి పెరిగి, చుట్టూ ఉన్న నేలలో కలిసిపోయింది. రెండోది బోర్లించిన పడవలా మిగిలింది. చర్చి పుస్తకంలో ఎవరు ఏ వరసలో ఉన్నారో రాసే ఉంది. ఆ వరసే జరిగిపోయాక రాసి ఏం లాభం? ఏటా వచ్చి 'ఇక్కడే కదా' అనుకుంటూ కాస్త ఎగువకో పక్కకో శిలువని గుచ్చి వెళ్ళాం. నేనూ అలాగే గుచ్చాను, పక్క సమాధి వాళ్ళూ అలాగే గుచ్చారు. సర్దుతూ సర్దుతూ చివరికి ఎవరెక్కడ ఉన్నారో పోగొట్టుకున్నాం. ఇలాంటి పొరపాటు చేయడం మా ఊరివాళ్ళకే సాధ్యం.

నేనింకా ఆ దిబ్బ దగ్గర నిలబడి ఉండగానే వెనక నుంచి తోపుడుబండి చప్పుడైంది. హోలిస్. మెర్ల్ మొగుడు. ఊరి బ్యాండుకి పాన్లు శ్రుతి చేసేవాడు. నూనె పీపా అడుగుని సుత్తితో కొట్టి కొట్టి, ఆ లోహం చేత స్వరాలు పలికించే వాయిద్యమే పాన్. ఆ పని జీవితమంతా చేసినందుకు హోలిస్‌కి ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి ఉంటాయి. బండి నిండా నీలం పలకలు.

"ఏంటవి హోలిస్?"

"పలకలు, టీచరమ్మా. నీలంవి. మెర్ల్‌కి నీలమంటే ప్రాణం కదా. ఈసారి సిమెంటు పోసి గట్టిగా కట్టేస్తా. ఇంక ఏ వానా దాన్ని జరపలేదు."

"ఎవరి మీద కడతావ్? అది మా అమ్మ."

"మీ అమ్మా?" హోలిస్ బండి దించాడు. "మీ అమ్మ ఆ పక్కనమ్మా. ఇది నా పెళ్ళాం."

"నీ పెళ్ళాం దిగువన. మా అమ్మ ఎగువన."

"ఎగువన ఉండాలని మీ అమ్మకి ఎప్పుడూ ఉండేదిలే. అది వేరే సంగతి."

గిటెన్స్ గబుక్కున అటు తిరిగి దగ్గాడు. ఆ దగ్గు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. వాడికేమిటి, ఊళ్ళో అందరికీ తెలుసు.

మా అమ్మ క్లోటిల్డ్ క్రికెట్ మైదానం గేటు పక్కన కుంపటి పెట్టుకుని ఉప్పుచేప బజ్జీలు వేయించేది. మ్యాచ్ ఉన్నరోజు ఆ వాసనకి ఫీల్డింగులో ఉన్నవాడు బంతి వదిలేసేవాడు. ఆ గేటు ఆమె రాజ్యం. మెర్ల్ కొత్తకోడలిగా వచ్చిన కొన్నాళ్ళకి, గేటుకి అవతలి పక్కన తనూ ఒక కుంపటి దించింది. అవే ఉప్పుచేప బజ్జీలు. పైగా ఘాటైన మిరపకాయ పచ్చడి కూడా. ఆ పచ్చడి అద్భుతమని ఊరంతా అనేది. మా ఇంట్లో మాత్రం ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చర్చిలో మెర్ల్ నిలబడ్డ వరసలో మా అమ్మ నిలబడేది కాదు. దేవుడి రొట్టె ఆలస్యంగా అందినా ఫరవాలేదు గానీ మెర్ల్ వెనకాల అందుకోకూడదు!

ముందు మెర్ల్ పోయింది. అంత్యక్రియలకి మా అమ్మ వచ్చింది గానీ గేటు దగ్గరే గొడుగేసుకుని కూర్చుంది. "చూశావా, ఇక్కడ కూడా నాకన్నా ముందొచ్చి చోటు పట్టేసింది" అని గొణిగింది. మరుసటి ఏడు తనూ మంచం పట్టింది. అప్పటికి తోటలో ఖాళీ ఉన్నది మెర్ల్ పక్కనే. ఆ సంగతి ఎవరు చేరవేశారో ఏమో, చివరి రోజున నా మణికట్టు పట్టుకుని, "ఎక్కడ పెడితే అక్కడ పెట్టు. కానీ నా జాగాలోకి దాన్ని మాత్రం రానివ్వకు. మాటివ్వు" అంది. ఇచ్చాను. పోయేవాళ్ళకి ఇచ్చిన మాట ఎంత బరువుంటుందో ఇచ్చినవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడీ హోలిస్ నా తల్లి మీద తన పెళ్ళాం పేరుతో సిమెంటు పోస్తానంటున్నాడు. ఒకసారి పలకలు పడ్డాయంటే ఇక ఆ చోటు మెర్ల్‌దే. మా అమ్మకి కొవ్వొత్తి పెట్టుకోవడానికి ఈ భూమ్మీద నాకంటూ చోటుండదు. 

"కట్టడానికి వీల్లేదు," అన్నాను.

"వచ్చే ఏడు ఈ వాలు ఎక్కే ఓపిక ఉంటుందో లేదో, టీచరమ్మా. మోకాళ్ళు చెప్పిన మాట వినట్లేదు. ఉన్నప్పుడే కట్టేస్తే నాకు బెంగ తీరుతుంది." హోలిస్ గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది. దెబ్బలాడేవాడితో దెబ్బలాడొచ్చు, ఇలాంటివాడితో ఏం చేస్తాం.

"పండగ లోపు ఎవరిదో తేలాలి. తేలేదాకా ఒక్క పలక దించావంటే నేనూరుకోను."

"సరే. పలకలు ఎక్కడికి పోతాయ్," అని బండిని ఒక పక్కగా తోసి, నా వైపు చూసి నవ్వాడు. "శుక్రవారం నీ పాఠానికి నన్ను రమ్మన్నావ్. రావాలా, వద్దా?"

నిజమే, పిల్లలకి శ్రుతి వినిపించడానికి నేనే పిలిచాను. అది జ్ఞాపకం వచ్చి ఇంకా మండింది. "రావాలి. స్నానం చేసి రా," అన్నాను.

శుక్రవారం తరగతి గదిలో పిల్లలు కిటికీల దాకా కూర్చున్నారు. నేను బోర్డు మీద పిచ్ అని రాసి, "ఎవరింట్లో దీనికి ఏమర్థమో చెప్పండి" అన్నాను. ఇక చూడండి, గోల. ముందు వరసలోని కుర్రాడు జేబులోంచి గోళీలు తీసి చూపించాడు. మా ఊళ్ళో గోళీలాడటమంటే గోళీలు పిచ్ చెయ్యడమే. ఇంకొకడు క్రికెట్ అన్నాడు. వాడు అనకపోయుంటే ఆశ్చర్యపోయేదాన్ని. వడ్రంగి కూతురు లేచి, "మా నాన్న ఇంటి కప్పు వాలుని పిచ్ అంటాడు మిస్. తక్కువైతే నీళ్ళు నిలుస్తాయంట" అంది. చేపలు పట్టేవాళ్ళ పిల్ల ఒకతి, "అలలకి పడవ ముక్కు పైకీ కిందికీ కొట్టుకుంటే పిచ్ అవుతోందంటాడు మా బాబాయి. అప్పుడు నాకు వాంతొస్తుంది" అంది. అందరూ నవ్వారు. చివరి బెంచీలోంచి ఎవరో, "కరెంటు పోతే పిచ్ చీకటి" అని అరిచారు.

హోలిస్ శుభ్రంగా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. పాన్ మీద ఒక్క స్వరం కొట్టి ఆగాడు. పక్కదాని మీద కొట్టాడు. "ఇది దానికన్నా కాస్త ఎత్తు. ఆ ఎత్తునే మేం పిచ్ అంటాం," అన్నాడు. తర్వాత సుత్తితో ఒకచోట చిన్నగా తట్టి మళ్ళీ కొట్టాడు. స్వరం మారింది. పిల్లలంతా ఒక్కసారి ఊపిరి పీల్చారు. నా జీవితంలో ఏ వ్యాకరణ పాఠానికీ ఎవరూ అలా ఊపిరి పీల్చలేదు.

"ఇవన్నీ ఒకే మాటేనా మిస్?" అంది వడ్రంగి కూతురు.

అదే ప్రశ్న కోసం నేను ఏటా కాచుకుని ఉండేదాన్ని. "కాదు. రెండు మాటలు. పేరొకటే, పుట్టిన ఇళ్ళు వేరు. నల్లగా అంటుకునే పిచ్ ముసలిది. రోమ్ వాళ్ళ భాషలో పుట్టి, ఇంగ్లీషువాళ్ళ ఇంట్లో పెరిగింది. వాళ్ళు చెట్ల జిగురు కాచి, ఓడల చెక్కల సందుల్లో పూసేవాళ్ళు. ఇక్కడికొచ్చి మన నేల చూసి అదే పేరు పెట్టేశారు. చీకటిని కూడా దాంతోనే పోల్చారు. రెండో పిచ్‌కి అమ్మానాన్నలెవరో ఎవరికీ తెలీదు. చాలా వెతికారు, దొరకలేదు. అది కనబడేసరికే దానికి ఒక పని ఉంది. నేలలో గుంజ గుచ్చి నిలబెట్టడం. గుడారం గుంజలు గుచ్చారు. క్రికెట్‌లో కర్రలు గుచ్చారు, ఆ కర్రల మధ్య నేలకీ ఆ పేరే వచ్చింది. గుచ్చడానికి విసరాలి కదా, విసరడమూ అదే అయింది. మీ గోళీలు అక్కడి నుంచి వచ్చినవే. ఒక మేకు ఎంత ఎత్తులో కొట్టారో ఆ ఎత్తు కూడా పిచ్ అయింది. కప్పుకీ, స్వరానికీ ఆ ఎత్తు నుంచే వచ్చిందంటారు."

ఆ పిల్ల మళ్ళీ లేచింది. "అయితే మిస్, ఒకటేమో నిలబెట్టేది, ఇంకోటేమో దేన్నీ నిలబడనివ్వనిది. రెండూ ఒకే పేరుతో ఒకే ఊళ్ళో ఎలా ఉంటున్నాయి?"

"ఇంకెక్కడికి పోతాయి?" అన్నాడు హోలిస్. పిల్లలు మళ్ళీ నవ్వారు. నేను బోర్డు తుడిచేశాను.

సాయంత్రం పాన్‌ని చంకన పెట్టుకుని నా వెంటే ఇంటి దాకా వచ్చాడు. వసారాలో కూర్చోబెట్టి మాబీ ఇచ్చాను. బెరడు కాచిన చేదు పానీయం. హోలిస్‌కి చిన్నప్పటి నుంచీ ఇష్టం. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ అతను ఈ వసారా మెట్టెక్కలేదు. బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్న మేమిద్దరం, కంచె మీంచి బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటూ ముసలివాళ్ళమయ్యాం.

"ఒక అర్థం వదిలేశావ్ ఇవాళ," అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

"ఏది?"

"ఇంగ్లండు ఊళ్ళల్లో సరుకమ్మేవాళ్ళు బుట్ట దించుకునే చోటుని పిచ్ అంటారని ఎప్పుడో నువ్వే చెప్పావ్ నాకు. మీ అమ్మా, మా మెర్ల్ కొట్టుకున్నది దాని గురించే."

"పిల్లలకి అదెందుకు?"

"ఎందుకో చెప్పు మరి."

అతను మాబీ తాగడం పూర్తిచేసి, గ్లాసు కింద పెట్టి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"టీచరమ్మా, తేల్చుకునే దారి ఒకటుంది. మెర్ల్ పెట్టె మీద ఆమె వాయించే పాన్ బోర్లించి పెట్టించా ఆ రోజు. దాని మీదే మట్టి వేశాం. ఇనుప చువ్వ దించితే తగులుతుంది. తగిలిందంటే ఆ మోత నాకు తెలీకుండా పోదు."

నాకు కోపమే వచ్చింది. "ఈ మాట ముందే చెప్పి చావొచ్చు కదా! మొన్న గిటెన్స్ ముందే చెప్పుంటే..."

"గిటెన్స్‌కి తెలీదు. అప్పట్లో కాపలా వాళ్ళ నాన్న. ఆయనా ఇప్పుడు ఆ తోటలోనే ఉన్నాడు. బయటపెడితే మన బ్యాండువాళ్ళు నన్ను బతకనిస్తారా? అది బ్యాండు పాన్. పోయింది, ఎవడో ఎత్తుకుపోయాడని వాళ్ళు ఇప్పటికీ పక్క ఊరి బ్యాండుని తిడుతున్నారు."

ఎంత ఆపుకుందామన్నా నవ్వాగలేదు. హోలిస్ కూడా నవ్వాడు, ఒంటి భుజం ఎగరేసి. కాసేపు అలా నవ్వుకున్నాక ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చినట్టుంది, మానేశాం. ఆ చువ్వ మోగిందంటే నా తల్లి లేదు. మోగలేదంటే అతని పెళ్ళాం లేదు.

పండగ రోజు, ఆదివారం పొద్దున పూజ అయ్యాక ముగ్గురం తోటలో కలుసుకున్నాం. గిటెన్స్ గోతులు తవ్వేముందు నేలని చూసుకునే పొడుగాటి చువ్వ తెచ్చాడు. దిబ్బ తల వైపు పెట్టి, తన బరువంతా దాని మీద వేశాడు. పిచ్‌లో చువ్వ గబుక్కున దిగదు. నేల దాన్ని నెమ్మదిగా నములుతుంది. గిటెన్స్ చొక్కా చెమటకి తడిసి వీపుకి అతుక్కుంది. నేను మనసులో దండకంలా ఒకటే మాట అనుకుంటున్నాను, మోగకూడదు, మోగకూడదు అని. పక్కన హోలిస్ ఏమనుకుంటున్నాడో చెప్పక్కర్లేదు. ఒకే దేవుడికి ఇద్దరం చెరో మాటా చెబుతున్నాం.

చువ్వ ఆగింది. దబ్ మని మొద్దు చప్పుడు. చెక్క.

"నడుం దగ్గర చూడు," అన్నాడు హోలిస్. "నడుం మీద పెట్టించా."

అక్కడ కూడా దబ్. కాళ్ళ వైపు కూడా దబ్. హోలిస్ మోకాళ్ళ మీద కూర్చుని, చువ్వకి చెవి ఆనించి, గిటెన్స్‌ని మళ్ళీ పొడవమన్నాడు. పొడిచాడు. ఇంకోసారి అన్నాడు. పొడిచాడు. ఆ చెవి ఈ ద్వీపంలో ఎన్ని పాన్లని విని ఉంటుందో! గాలికి కదిలినా స్వరం పేరు చెప్పేసే చెవి. అది చెక్క చప్పుడు వింటూ చాలాసేపు అలాగే ఉండిపోయింది.

చివరికి చేత్తో నేలని ఊతం చేసుకుని లేచాడు. "ఇది మీ అమ్మే, టీచరమ్మా," అన్నాడు.

గెలిచాను. మా అమ్మ జాగా మా అమ్మకే దక్కింది, ఇచ్చిన మాట నిలబడింది. ఇంటికెళ్ళి హాయిగా భోంచెయ్యాల్సినదాన్ని. కానీ హోలిస్ ఆ చువ్వ తీసుకుని వాలులోకి దిగడం చూస్తూ అక్కడే నిలబడిపోయాను. నాలుగడుగులు వేస్తాడు, గుచ్చుతాడు, వింటాడు. మళ్ళీ వేస్తాడు. గిటెన్స్ సాయం వెళితే వద్దన్నాడు. దిబ్బ దిగిపోయి ఉండాల్సిన చోటంతా చూశాడు. కంచె దాకా చూశాడు. కంచె అవతల మన్ను కూడా లేదు, నల్లటి పిచ్, మధ్యలో నీటి గుంటలు. కంచె దాటి అక్కడా చూశాడు. ఎక్కడా మోగలేదు. మెర్ల్‌ని, ఆమె పాన్‌ని నేల ఎంత లోతుకి తీసుకుపోయిందో ఎవరు చెప్పగలరు.

నేను మా అమ్మ సమాధికి సున్నం వేసి, శిలువ గుచ్చి, ఇంటికెళ్ళి స్నానం చేసి, కొవ్వొత్తులు పట్టుకుని సాయంత్రానికి మళ్ళీ వచ్చాను. అప్పటికి తోట నిండా జనం. పైన మట్టినేలలో సమాధుల మీద వరసగా దీపాలు. పిల్లలు కరిగిన మైనాన్ని ఉండలు చేసుకుంటున్నారు. ఎవరో పెలావ్ గిన్నె తెచ్చారు, మసాలా అన్నం వాసన కొవ్వొత్తుల పొగలో కలిసి వస్తోంది. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, కబుర్లాడేవాళ్ళు ఆడుతున్నారు. హోలిస్ తన పలకల బండి అంచు మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా నల్లగా అయిపోయింది. చొక్కా జేబులో కొవ్వొత్తుల కట్ట అలాగే ఉంది, విప్పలేదు. దారిన పోయేవాళ్ళు "ఏం హోలిసన్నా, ఇంకా వెలిగించలేదేం?" అంటుంటే తల ఊపుతున్నాడు.

గిటెన్స్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. "అన్నా, గేటు దగ్గర పెద్ద శిలువ ఉంది కదా. సముద్రంలో పోయినవాళ్ళకి అక్కడే పెడతారు. నువ్వూ..."

"నా పెళ్ళాం సముద్రంలో పోలేదురా," అన్నాడు హోలిస్. "ఇక్కడే పెట్టా. నా చేతుల్తో మట్టి వేశా."

ఆ మాట నాకు వినబడకుండా ఉంటే బాగుండేది. అతను కేకెయ్యలేదు, ఏడవలేదు. మా అమ్మ కొవ్వొత్తులన్నీ వెలిగించి ఉన్నాయి. దిబ్బంతా నిండుగా నిలబెట్టాను. ఇంత పెద్ద దిబ్బ, ఇన్ని దీపాలు, ఎదురుగా కట్ట విప్పని మనిషి. నా మణికట్టు మీద ఆ చివరి రోజు పట్టు ఇంకా ఉన్నట్టే ఉంది. మాటిచ్చినప్పుడు ఇలాంటి రోజొకటి వస్తుందని నేననుకోలేదు, అడిగినావిడా అనుకుని ఉండదు.

"హోలిస్, ఇటు రా."

"ఎందుకు?"

"రమ్మన్నానా."

మోకాళ్ళు పట్టుకుని లేచి, మెల్లగా ఎక్కి వచ్చాడు. నేను దిబ్బ దిగువ పక్కన చేత్తో చూపించాను. "ఇక్కడ పెట్టుకో."

అతను ఆ చోటుని చూశాడు, నన్ను చూశాడు. "అక్కడ మీ అమ్మ."

"తెలుసు."

"మీ అమ్మ ఒప్పుకోదు, ఆలివ్." ముసలివాళ్ళమయ్యాక అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"ఒప్పుకోదు. నీకన్నా నాకే బాగా తెలుసు. పెట్టు."

జేబులోంచి కట్ట తీశాడు. దారం ముడి ఊడకపోతే నేనే విప్పాను. గిటెన్స్ ఎవరూ చెప్పకుండానే కంచె దగ్గరికి పరిగెత్తి మెర్ల్ శిలువ మోసుకొచ్చాడు. దాన్ని పట్టుకుని, ఎక్కడ గుచ్చాలో అడగలేక, నా మొహంకేసి చూస్తూ నిలబడ్డాడు. దిబ్బ మీద నిజంగానే ఖాళీ లేదు. నేను కిందికి వంగి, వెలుగుతున్న మా అమ్మ కొవ్వొత్తుల్ని ఒక్కొక్కటే పెకలించి ఎగువ పక్కకి పెట్టడం మొదలుపెట్టాను. వేడి మైనం వేళ్ళ మీద కారింది. సగం దిబ్బ ఖాళీ అయ్యాక, సున్నం వేసిన ఆ రాళ్ళ మీద అరచెయ్యి ఆనించి, ఎవరు విన్నా ఫరవాలేదనుకుని పైకే అన్నాను.

"అమ్మా, కాస్త జరుగు."